గేటు అవతలి బడి

1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ అనే ఊళ్లో, వేలమంది శిష్యుల ఎదుట, జిడ్డు కృష్ణమూర్తి తన చుట్టూ అల్లుకున్న సంస్థను తనే రద్దు చేశాడు. ఏ సంస్థా, ఏ గురువూ, ఏ మతమూ మనిషిని సత్యం దాకా చెయ్యిపట్టి నడిపించలేవని ఆయన ఆ రోజు చెప్పినదాని సారాంశం. విరాళాలుగా వచ్చిన భూములు, ఒక పెద్ద కోటతో సహా, ఇచ్చినవాళ్లకే తిరిగి వెళ్లిపోయాయి. ఈ కథ చాలామందికి తెలిసిందే. దీని పక్కనే ఉన్న ఇంకో సంగతి మాత్రం అంతగా మాట్లాడుకోం. అన్నీ వదిలేసిన ఆ మనిషి బళ్లని మాత్రం వదల్లేదు. ఓమెన్ ప్రసంగానికి మూడేళ్ల ముందు, 1926లో, తను పుట్టిన మదనపల్లెకి పదిహేను పదహారు కిలోమీటర్ల దూరాన, తెట్టు ఊరి దగ్గరి లోయలో విద్యాసంస్థ కోసం స్థలం సేకరించడం మొదలైంది. ఆ లోయకి రిషి వ్యాలీ అని పేరు పెట్టుకున్నారు. సంస్థ పోయింది, లోయ మిగిలింది.

సంస్థల మీద నమ్మకం లేని మనిషి పెట్టిన సంస్థ నూరేళ్లు ఎలా నిలబడింది? ఈ నూరేళ్లలో ఏం మార్చుకుంది, ఏం మార్చుకోలేకపోయింది? ఈ ప్రశ్నలతో నేను రిషి వ్యాలీ చరిత్ర చదవడం మొదలుపెట్టింది కృష్ణమూర్తి తత్వం మీద ఆసక్తితో కాదు. తెలుగు నేల మీద ‘హాస్టలు’ అనే మాటకి ఇన్ని రకాల అర్థాలు ఎలా వచ్చాయో తెలుసుకుందామని. చదివేకొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, కాలానికి తగ్గట్టు మారడం అని మనం దేన్నైతే అంటామో, అంటే కొత్త సిలబస్, కొత్త భవనాలు, కొత్త ప్రిన్సిపాలు, అవన్నీ ఈ కథలో చిన్న మలుపులే. పెద్ద మలుపు గేటు అవతల జరిగింది. అదీ తెలుగులో.

*

మదనపల్లె ఆ రోజుల్లో మామూలు తాలూకా కేంద్రం. కానీ 1915లో అనీ బెసెంట్ అక్కడ థియోసాఫికల్ కాలేజీ పెట్టాక, ఆ చిన్న ఊరికి పెద్ద పెద్ద మనుషులు రావడం మొదలైంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు. ‘జనగణమన’కి ఇంగ్లీషు అనువాదం రాసింది అక్కడే. కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాట బాణీకి స్వరలిపి రాసిందీ అక్కడే. అంటే రిషి వ్యాలీ అడవిలోంచి హఠాత్తుగా మొలిచిన ఆశ్రమం కాదన్నమాట. చదువు గురించి కొత్తగా ఆలోచించడం అప్పటికే ఆ ప్రాంతంలో ఒక అలవాటుగా మారింది.

కృష్ణమూర్తి 1895లో ఈ ఊళ్లోనే పుట్టాడు. తండ్రి నారాయణయ్య రెవిన్యూ శాఖలో ఉద్యోగి, థియోసాఫికల్ సొసైటీ సభ్యుడు. 1909లో కుటుంబం మద్రాసు అడయారుకి చేరింది. అక్కడ సముద్రం ఒడ్డున ఈ పిల్లవాణ్ణి లెడ్‌బీటర్ చూడటం, రాబోయే జగద్గురువు ఇతనేనని నిర్ణయించడం, అనీ బెసెంట్ పెంపకంలోకి వెళ్లడం, పిల్లల్ని తిరిగి ఇమ్మని తండ్రి కోర్టుకెక్కడం, మద్రాసు హైకోర్టులో తండ్రి గెలిచి 1914లో ప్రివీ కౌన్సిల్లో ఓడిపోవడం, ఇదంతా ఒక నవలకి సరిపోయే కథ. ఇందులో నన్ను ఆపేసేది ఒక చిన్న వివరం. ఇంగ్లండు చదువులు, ఇంగ్లీషు మనుషుల మధ్య ఏళ్లు గడిచేసరికి ఆయన తన తెలుగు మర్చిపోయాడు. అమ్మభాషను పోగొట్టుకున్న మనిషి అమ్మ ఊరి పక్కనే బడికి స్థలం వెతుక్కున్నాడు. ఎంచుకున్న చోట ఒక పెద్ద మర్రిచెట్టు ఉంది. చుట్టూ బోడి కొండలు, రాళ్లు, ఎప్పుడొస్తుందో తెలియని వాన.

మొదట కలగన్నది బడిని కాదు. బెసెంట్ మనసులో ఉన్నది ప్రపంచ స్థాయి విశ్వవిద్యాలయం. అది కాగితాలు దాటి రాలేదు. బడి కూడా ఇక్కడ పుట్టింది కాదు, వలస వచ్చింది. జాతీయ విద్య పేరుతో మద్రాసు గిండీలో బెసెంట్ ప్రోత్సాహంతో నడుస్తున్న ఒక బడిని, 1930 ప్రాంతంలో జి.వి. సుబ్బారావు గారి ఆధ్వర్యంలో లోయకి తరలించారు. నగరంలో బతికిన బడిని, కరెంటూ రోడ్డూ సరిగా లేని చోటికి, పిల్లలతో టీచర్లతో సహా తీసుకొచ్చి పెట్టడం ఎంత పనో ఊహించుకోవచ్చు. బోర్డింగ్ స్కూల్ కావడం అనేది ఇక్కడ ఆదర్శం కన్నా ముందు అవసరం. అంత దూరం రోజూ వచ్చి చదువుకునే పిల్లలు ఎవరు?

ఇక్కడే ఈ బడి స్వభావం సగం నిర్ణయమైపోయింది. దూరం నుంచి పిల్లల్ని పంపగలిగిన వాళ్లే పంపారు. మద్రాసు, బెంగళూరు, బొంబాయి మధ్యతరగతి, అంతకన్నా పైవాళ్లు. లోయలో ఉన్న తెలుగు ఊళ్లు బడికి కూరగాయలు, పాలు, పనివాళ్లు అందించాయి. ఆ ఏర్పాటు ఎవరో దురుద్దేశంతో చేసింది కాదు. మన దేశంలో మంచి బళ్లన్నీ దాదాపు ఇలాగే మొదలయ్యాయి.

*

రెండో ప్రపంచ యుద్ధం కాలమంతా కృష్ణమూర్తి కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో ఉండిపోయాడు. 1947 చివర్లో గానీ ఇండియా రాలేదు. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చేసింది. ఏ జాతీయ విద్య అనే మాట మీద గిండీ బడి పుట్టిందో, ఆ మాటకి అర్థమే మారిపోయింది. జాతి గెలిచాక జాతీయ బడికి పనేముంది? 1940ల చివరికి రిషి వ్యాలీని మళ్లీ మొదటి నుంచి నిలబెట్టాల్సిన పరిస్థితి వచ్చింది.

నిలబెట్టిన మనిషి ఒక ఇంగ్లీషువాడు కావడం ఈ కథలో తమాషా. ఎఫ్. గోర్డన్ పియర్స్ అంతకు ముందు గ్వాలియర్ సింధియా స్కూల్ ప్రిన్సిపాల్. ఇండియన్ పబ్లిక్ స్కూల్స్ కాన్ఫరెన్స్ తొలినాళ్ల పెద్దల్లో ఒకడు. ‘పబ్లిక్ స్కూల్’ అంటే మనవాళ్లకి ఈటన్, హారో గుర్తొస్తాయి. రాజుల పిల్లలు, క్రికెట్, క్రమశిక్షణ. ఆ లోకం నుంచి వచ్చిన పియర్స్ 1950ల్లో రిషి వ్యాలీకి వ్యవస్థ అంటే ఏమిటో నేర్పాడు. టైమ్‌టేబుల్, వసతి గృహాలు, ఆటలు, చెట్లు నాటడం. పొద్దు కుంకే వేళ పిల్లలూ పెద్దలూ ఒక గుట్ట మీద మాటల్లేకుండా కూర్చుని పడమటి కొండల్ని చూస్తారు. దాన్ని ‘అస్తాచల్’ అంటారు. రిషి వ్యాలీ గురించి రాసిన ప్రతివాళ్లూ దీన్ని కృష్ణమూర్తి భావాలకి గుర్తుగా చెబుతారు. కానీ పియర్స్ పనిచేసొచ్చిన సింధియా స్కూల్లో కూడా ఇదే పేరుతో ఇదే ఆచారం ఉంది. ఒక రాచకుటుంబం బడిలోని అలవాటు, అధికారాన్నే ప్రశ్నించే బడిలో ఆత్మలాంటిది అయిందన్నమాట. సంప్రదాయాలు ఎక్కడి నుంచి ఎక్కడికి ప్రయాణం చేస్తాయో చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది.

పియర్స్ తర్వాత 1958 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు ఎస్. బాలసుందరం ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. బడికి మనం ఈరోజు గుర్తుపట్టే రూపం ఈ కాలంలోనే స్థిరపడింది. మూడు నాలుగు వందల మంది పిల్లలు, వాళ్ల మధ్యే కాపురముండే టీచర్లు, శాకాహారం, కింది తరగతుల్లో పరీక్షలూ ర్యాంకులూ లేకపోవడం. కృష్ణమూర్తి ఏటా చలికాలంలో వచ్చేవాడు. పిల్లలతో, టీచర్లతో కూర్చుని మాట్లాడేవాడు. 1978 సెప్టెంబరు నుంచి తన బళ్లన్నిటికీ పక్షానికో ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. పోల్చుకోవడం ఎందుకు, భయం లేకుండా నేర్చుకోవడం సాధ్యమా, ఇవీ ఆయన పదే పదే తిరిగొచ్చిన ప్రశ్నలు. టీచర్లకి ఆ రోజులు అంత హాయిగా ఏమీ గడిచి ఉండవు. ఒక పద్ధతి చెప్పమంటే ఆయన చెప్పడు. పద్ధతిలోనే ప్రమాదం ఉందంటాడు. సోమవారం పొద్దున ఏడో తరగతికి లెక్కలు చెప్పాల్సిన మనిషికి ఇది ఎంత ఇరకాటమో ఎప్పుడైనా పాఠం చెప్పినవాళ్లకి తెలుస్తుంది.

ఇంకో ఇరకాటం కూడా ఉంది. పోటీ వద్దన్న బడిలో కూడా పదో తరగతికి, పన్నెండో తరగతికి బోర్డు పరీక్షలున్నాయి. ఐసీఎస్‌ఈ, ఐఎస్‌సీ. బయటి లోకం ఒక సర్టిఫికెట్ అడుగుతుంది, బడి ఇవ్వక తప్పదు. దీన్ని ద్వంద్వం అన్నవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. నేను ఇంటర్ రెండేళ్లు చదివిన హాస్టల్లో తెల్లారి అయిదింటికి స్టడీ అవర్ మొదలయ్యేది. వారానికోసారి మార్కుల జాబితా గోడకి అంటించేవాళ్లు, పైనుంచి కిందికి. ఆ జాబితాలో నా పేరు ఎక్కడుందో వెతకడానికి నేను ఎప్పుడూ కింది నుంచే మొదలుపెట్టేవాణ్ణి. అక్కడా ఇక్కడా కూడా చివర్లో ఉన్నది ఒకటే, బోర్డు పరీక్ష. తేడా అంతా ఆ పరీక్ష పిల్లవాడి జీవితంలోకి ఎన్నేళ్ల ముందు చొరబడుతుందన్న దగ్గరే ఉంది. రిషి వ్యాలీ పరీక్షని రద్దు చెయ్యలేకపోయింది. కానీ దాన్ని గుమ్మం దగ్గర కొన్నేళ్లు ఆపి ఉంచింది. కాలంతో రాజీపడటం వేరు, కాలాన్ని కాస్త ఆగమనడం వేరు. ఆ ఆపిన కొన్నేళ్ల పేరే బాల్యం.

*

ఇంతవరకూ చెప్పినదంతా గేటు లోపలి కథ. ఇప్పుడు బయటికి రావాలి.

రాయలసీమ అంచున ఉన్న ఆ లోయకి అసలు శత్రువు పరీక్ష కాదు, కరువు. కొండల మీద చెట్లు పొయ్యిలోకి పోయాయి, మిగిలిన మొలకల్ని మేకలు మేశాయి. వాన పడితే నీళ్లు మట్టితో సహా కొట్టుకుపోయేవి. బావులు ఎండిపోతే బోర్డింగ్ స్కూల్ ఉండదు. సిలబస్‌తో పనిలేదు, తాగడానికి నీళ్లుండాలి కదా. అందుకని దశాబ్దాల తరబడి చెట్లు నాటడం, పశువులు మెయ్యకుండా కొండవాలుల్ని కాపాడటం, వాననీళ్లు ఇంకేలా కుంటలు కట్టడం బడి పనిలో భాగమైంది. పచ్చదనం పెరిగేకొద్దీ పక్షులు వచ్చాయి. 1991లో లోయని పక్షుల రక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. పక్షుల్ని గమనించడం నేర్చుకునేవాళ్ల కోసం ఇంట్లో కూర్చుని చదువుకునే కోర్సు కూడా అక్కడి నుంచి నడిచింది. దక్షిణాదిలో రాతి కొండల్ని అంటిపెట్టుకుని బతికే పసుపు గొంతు పిగిలిపిట్ట, చాలా అరుదైనది, ఆ గుట్టల్లో కనిపిస్తుంది.

దీన్ని నేను పర్యావరణ ప్రేమ అని మాత్రమే చూడను. ఒక బడి తన చుట్టూ ఉన్న నేలకి తను బాకీ ఉన్నానని ఒప్పుకోవడంగా చూస్తాను. నేలకి బాకీ అని ఒప్పుకున్నాక, ఆ నేల మీద ఉన్న మనుషుల మాటేమిటి అన్న ప్రశ్న రాక తప్పదు. లోయ చుట్టూ పల్లెల పిల్లలు. వాళ్ల బడి మాటేమిటి?

1980ల్లో మన పల్లెటూరి బడి ఎలా ఉండేదో ఒకసారి తలుచుకుందాం. ఒకే గది, ఒకే అయ్యవారు, ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు. ఆయన మూడో తరగతికి పాఠం చెబుతుంటే మిగతా నలుగురు తరగతుల వాళ్లు ఎక్కాలు చూచిరాత రాస్తుంటారు, లేదా గోడకేసి చూస్తుంటారు. వేరుశనగ పీకే రోజుల్లో పిల్లలు రారు. గొర్రెల వెంట వెళ్లిన పిల్లవాడు నెలకి తిరిగొస్తే పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. వాడికి అది తన తప్పే అనిపిస్తుంది. ఇంకో నెలకి వాడు బడి మానేస్తాడు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పేరుతో కేంద్రం ప్రతి బడికీ రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలని సంకల్పించిందంటే, అప్పటిదాకా పరిస్థితి ఏమిటో దాన్ని బట్టే తెలుస్తుంది.

రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ అనే దంపతులు ఈ ఒక్క గది బడినే తీసుకుని తలకిందులు చేశారు. ఒకే గదిలో అన్ని తరగతులూ ఉండటం లోపం కాదు, ఇంట్లో అన్ని వయసుల పిల్లలూ కలిసి పెరగడం లాంటిదే కదా అన్నది వాళ్లు మొదలుపెట్టిన చోటు. పాఠ్యపుస్తకాన్ని విప్పి చిన్న చిన్న కార్డులుగా చేశారు. ఒక కార్డు మీద ఒక్క పని. అక్షరం దిద్దడం, ఒక కథ చదవడం, గింజలు లెక్కపెట్టడం, ఒక ఆట. అక్షరం రాని పిల్లవాడు కూడా తన కార్డు తనే వెతుక్కునేలా బొమ్మ గుర్తులు పెట్టారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ. అందులో ఒక్కో మెట్టూ కొన్ని కార్డులు. పిల్లవాడు బడికి రాగానే తను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుంటాడు, కార్డు తీసుకుంటాడు, ఆ పనికి తగిన గుంపులో కూర్చుంటాడు. ఒక గుంపుకి టీచర్ పూర్తిగా కావాలి, ఒకదానికి కొంచెం కావాలి, ఒకదానిలో పిల్లలే ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారు, ఇంకోదానిలో ఎవరి పని వాళ్లదే. టీచర్ నేల మీద, పిల్లల మధ్య ఉంటాడు.

గొర్రెల వెంట వెళ్లి నెలకి తిరిగొచ్చిన పిల్లవాడు ఇప్పుడు ఏం చేస్తాడు? నెల కిందట వదిలేసిన కార్డు తీసి, అక్కడి నుంచి మొదలుపెడతాడు. అంతే. వాడు ఫెయిల్ కాలేదు, వెనకబడలేదు. అసలు వెనక అనేదే లేదు. పోల్చకుండా చదువు చెప్పడం సాధ్యమా అని కృష్ణమూర్తి యాభై ఏళ్లు అడిగిన ప్రశ్నకి, నేను చదివినంతలో, అన్నిటికన్నా సూటిగా వచ్చిన జవాబు ఈ కార్డుల పెట్టె. ఆ జవాబు ఆయన మాట్లాడిన ఇంగ్లీషులో రాలేదు. ఆయన మర్చిపోయిన తెలుగులో వచ్చింది. ఊళ్లో చెప్పుకునే కథలు, పొడుపు కథలు, పొలం పనుల మాటలు ఆ కార్డుల్లోకి ఎక్కాయి. అమ్మమ్మలు, నాయనమ్మలు బడికి వచ్చి కథలు చెప్పారు. ‘మెట్రిక్ మేళా’ అని ఊళ్లో జాతరలాగా పెట్టి, పిల్లలు పెద్దవాళ్ల బరువులూ ఎత్తులూ కొలిచి లెక్కలు కట్టేవాళ్లు. చదువు రాని తండ్రి తన కొడుకు తూకం వేస్తుంటే నిలబడి చూడటం, ఏ పేరెంట్స్ మీటింగుకైనా దానికి సాటొస్తుందా?

కృష్ణమూర్తి 1985 డిసెంబరులో చివరిసారి రిషి వ్యాలీకి వచ్చాడు. 1986 ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో పోయాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఈ చిన్న బళ్లు బలంగా అల్లుకున్నది ఆ తర్వాతి ఏళ్లలోనే. స్థాపకుడు పోయాక అలాంటి బడి రెండు దారుల్లో ఒకటి పడుతుంది. ఆయన మాటల్ని అద్దాల బీరువాలో పెట్టి మ్యూజియం అవుతుంది, లేదా పేరు మాత్రం ఉంచుకుని అన్ని బళ్లలాగే అయిపోతుంది. మూడో దారి కూడా ఉంటుందని ఈ చిన్న బళ్లు చూపించాయి.

*

కార్డుల పెట్టె అక్కడితో ఆగలేదు. 1995లో కర్ణాటక మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె నుంచి ప్రభుత్వ టీచర్లు వచ్చి ఈ బళ్లు చూశారు. వెళ్లి కన్నడంలో ‘నలి కలి’ మొదలుపెట్టారు. ఆడుతూ నేర్చుకోవడం అని అర్థం. 2009కల్లా అది రాష్ట్రమంతటా చిన్న తరగతుల్లోకి వచ్చింది. 2003లో చెన్నై కార్పొరేషన్ కమిషనర్ ఎం.పి. విజయకుమార్ తన టీచర్లని రిషి వ్యాలీకి పంపించి, కొన్ని బళ్లతో మొదలుపెట్టాడు. 2007లో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బళ్లన్నిటికీ ఆ పద్ధతి పాకింది. గిండీ నుంచి లోయకి వచ్చిన బడి, డెబ్భై ఏళ్ల తర్వాత, మద్రాసుకి ఇలా బాకీ తీర్చుకుందన్నమాట. రమా పద్మనాభరావు దంపతులకి 2009లో దేశస్థాయి గుర్తింపు కూడా వచ్చింది.

పెద్దదైన ప్రతిదానికీ వచ్చే జబ్బు దీనికీ వచ్చింది. పై నుంచి ఉత్తర్వుగా దిగినప్పుడు కార్డు మళ్లీ పాఠ్యపుస్తకం లాగే అయిపోతుందనీ, టీచరు నిచ్చెన నింపే గుమాస్తా అవుతాడనీ విమర్శలు వచ్చాయి. వాటిలో నిజముంది. ఒక లోయలో, ఒకరినొకరు ఎరిగిన మనుషుల మధ్య పండింది వేల బళ్లలో అలాగే పండదు. పద్ధతిలోనే ప్రమాదం ఉందని కృష్ణమూర్తి అన్నది బహుశా ఇదే.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1971 నవంబరులో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి ప్రభుత్వ గురుకులం వచ్చింది. మరుసటేడు గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో ఇంకో రెండు. పల్లెటూరి తెలివైన పిల్లలకి, డబ్బుతో పనిలేకుండా, తెలుగు మాధ్యమంలో బోర్డింగ్ చదువు. రిషి వ్యాలీ అడగలేకపోయిన ప్రశ్నని సర్వేలు అడిగింది. మంచి బడి డబ్బున్నవాళ్లకేనా? కానీ అక్కడ కూడా లోపలికి రావాలంటే ప్రవేశ పరీక్ష. ఎంపికైనవాళ్లు బాగుపడ్డారు. కాని మిగిలిన పిల్లలు ఊళ్లో అదే ఒక్క గది బడిలో ఉన్నారు. తర్వాతి దశాబ్దాల్లో గుంటూరు, విజయవాడ, హైదరాబాదు దారిలో మనకి ఇంకో రకం హాస్టళ్లు వచ్చాయి. నేను చదివింది అందులోనే. రిషి వ్యాలీ నుంచి ప్రకృతిని తీసేసి, సర్వేలు నుంచి ప్రభుత్వ బాధ్యతని తీసేసి, రెండింటి నుంచీ హాస్టలు గదిని మాత్రం ఉంచుకుంటే వచ్చేది ఆ హాస్టలు.

ఒకే ఇరవై, ముప్ఫై ఏళ్లలో, ఒకే భాష మాట్లాడే నేల మీద, ఈ రెండు ప్రయోగాలూ పక్కపక్కనే పెరిగాయి. ఒకటి, వెనక అనేదే లేని కార్డుల నిచ్చెన. ఇంకోటి, పై నుంచి కిందికి గోడకి అంటించిన జాబితా. కర్ణాటక, తమిళనాడు అధికారులు మొదటిదాన్ని చూడ్డానికి బస్సెక్కి మదనపల్లె దాకా వచ్చారు. మన అమ్మానాన్నలు అప్పులు చేసి రెండోదాని గేటు ముందు క్యూ కట్టారు. అమ్మానాన్నల్ని తప్పు పట్టడం నాకు చేతకాదు. ఇంజినీరింగు సీటు ఒక తరాన్ని పొలం నుంచి బయట పడేసిన రోజులవి. మా ఇంట్లో కూడా అదే లెక్క. కానీ ఏ పెట్టెలో ఏముందో మనకి చూపించినవాళ్లే లేకపోవడం గురించి మాత్రం బాధ పడకుండా ఉండలేను.

*

రిషి వ్యాలీని పొగడటంతో ఈ వ్యాసం ముగిస్తే అది నిజాయితీ కాదు. లోయలో ఇప్పటికీ రెండు బళ్లున్నాయి. ఒకటి ఇంగ్లీషులో, ఏడాదికి లక్షల ఫీజుతో, దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలతో. ఇంకోటి తెలుగులో, ఫీజు లేకుండా, కొండ పక్క ఊళ్ల పిల్లలతో. ఒకే వాన రెంటి మీదా పడుతుంది, ఒకే పక్షులు రెంటి మీదుగా ఎగురుతాయి. ఆ రెండు బళ్లూ ఒకటి కాలేదు. అధికారాన్ని, పోలికని, భయాన్ని అంత లోతుగా ప్రశ్నించిన చోట, ఫీజుని అదే లోతుతో ప్రశ్నించలేకపోవడం చిన్న విషయమేమీ కాదు. డబ్బు కట్టేవాళ్లు లేకపోతే బడి నడవదు, ఆ బడి లేకపోతే గేటు అవతలి బళ్లకి ఆసరా ఉండదు, అని ఎవరైనా అంటే కాదనలేను. అది జవాబు కాదు, లెక్క మాత్రమే.

అయినా నూరేళ్ల కథలో నేను ఏరుకునేది ఇది. పియర్స్ తెచ్చిన వ్యవస్థ బడిని నిలబెట్టింది, బోర్డు పరీక్షలు బడిని లోకంతో కలిపి ఉంచాయి, చెట్లూ కుంటలూ బడికి నీళ్లిచ్చాయి. ఇవన్నీ బడి బతకడానికి చేసుకున్న మార్పులు. అవసరమైనవే. తన దగ్గర ఎన్నడూ ఫీజు కట్టని, కట్టలేని పిల్లవాడి కోసం చేసిన ఒక్క మార్పు మాత్రం ఆ లోయ దాటి, రెండు రాష్ట్రాల్లో లక్షలమంది పిల్లల చేతుల్లోకి వెళ్లింది. ఆ పిల్లల్లో చాలామందికి రిషి వ్యాలీ అనే పేరు కూడా తెలిసి ఉండదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

2026తో ఆ లోయలో అడుగుపెట్టి నూరేళ్లు. పాత విద్యార్థులు కలుసుకుంటారు, జ్ఞాపకాలు చెప్పుకుంటారు, మర్రిచెట్టు ఫోటోలు తిరుగుతాయి. బాగుంటుంది. నాకు మాత్రం ఒక కోరిక. మదనపల్లె దగ్గర తెలుగులో తయారైన ఆ కార్డుల పెట్టెని, కన్నడం వాళ్లూ తమిళం వాళ్లూ వచ్చి చూసి వెళ్లిన ఆ పెట్టెని, తెలుగు రాష్ట్రాల్లో చదువు గురించి నిర్ణయాలు చేసేవాళ్లు ఒకసారి మూత తీసి చూడాలి. మన ఊరి ప్రతి గోడ మీదా ఫస్ట్ ర్యాంకు పిల్లల ఫోటోలతో ఫ్లెక్సీలున్నాయి. ఆ ఫ్లెక్సీలో లేని పిల్లవాడు, నెల రోజుల తర్వాత బడికి తిరిగొచ్చినప్పుడు, వాడు వదిలేసిన కార్డు వాడి కోసం అక్కడే ఉండాలి.